తాళం పడ్డ కోట్లు

కుట్టుకొట్టు మాస్టరమ్మ పొద్దున్నే కంప్యూటరు మీట నొక్కి, అది మేలుకునేలోగా టీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించింది. అదంత పాతది. లోపలి ఫ్యాను వగర్చుకుంటూ తిరుగుతుంది. కొత్తది కొనమంటే ఓనరు "నడుస్తోందిగా!" అంటాడు. నమూనాలకు ఇంకో కాపీ తీసి ఉంచుదామన్నా అదే మాట. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి.

కోట్ల నమూనాలన్నీ ఆ కంప్యూటర్లో ఆమె గీసినవే. వాటి మీదే కొట్టు నిలబడింది. ఇవాళ్టితో ఆమె మానేస్తోంది. సాయంత్రానికి అన్నీ తన అల్లుడికి అప్పజెప్పాలని ఓనరు హుకుం. అందుకు ఆమెకు కోపం లేదు. కోపం పోయినేడాదిది. ఆస్పత్రి నుంచి చెల్లెలు ఫోను చేసి, "అక్కా, అమ్మ నిన్నే అడుగుతోందే" అని ఏడ్చినప్పుడు ఓనరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ ఆర్డరు కానిచ్చి వెళ్ళమ్మా. ముసలాళ్ళు అలాగే అంటారు."

కానిచ్చే వెళ్ళింది. అప్పటికే అమ్మ ముఖం మీదికి దుప్పటి లాగేశారు. వాణ్ణి ఆమె క్షమించలేదు, క్షమించదు.

ఫైళ్ళకు తాళం వేసే ప్రోగ్రాము తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది. తెలిసిన మాట పెడితే, రేపు ఓనరు కళ్ళనీళ్ళు పెట్టుకోగానే చెప్పేస్తుంది. తన మెత్తదనం తనకు తెలుసు. అందుకే కళ్ళు మూసుకుని చేతికందిన మీటలన్నీ కొట్టింది. ముసలి యంత్రం ఊరుకుంటుందా, అదే మాట మళ్ళీ కొట్టమంది.

"నీకేం పోయేకాలమే!" అని దాన్ని తిట్టింది. ఈసారి ఖాళీ పేజీ ఒకటి తెరిచి, అందులో కళ్ళు మూసుకుని కొట్టి, చూడకుండానే కాపీ తీసి రెండుచోట్లా అతికించింది. పేజీని సేవ్ చెయ్యకుండా మూసేసింది. తాళం లేని పాత ఫైళ్ళు చెరిపెయ్యమని కూడా చెప్పింది.

ఫైళ్ళ పేర్లు తెర మీద ఒక్కొక్కటే నత్తనడకన కదిలాయి. మధ్యాహ్నం దాకా కసిగా చూస్తూ కూర్చుంది. అప్పుడొచ్చింది, 'అమ్మ కోటు'. వచ్చి, పోయింది.

మూటలు మోసీ మోసీ ఎడమ భుజం జారిపోయిన అమ్మకు అమరేలా గీసిన నమూనా అది. కోటు అమ్మతోనే వెళ్ళిపోయింది. ఆ భుజాల తీరు ఇక్కడొక్కచోటే మిగిలింది. ముందే వేరే తీసి ఉంచుకోవాలని తట్టనేలేదు. చెయ్యి 'ఆపు' మీదికి వెళ్ళింది. కానీ ఇప్పుడు ఆపితే మిగిలేవి ఓనరువే, అమ్మది రాదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఏడుస్తూనే చివరిదాకా చూసింది.

సాయంత్రం అల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "పాస్‌వర్డ్ అడుగుతోంది మామయ్యా."

"ఏంటమ్మా అది?" అన్నాడు ఓనరు.

"నాకు తెలీదండి."

"తెలీకపోవడమేంటి! కొట్టు మునిగిపోతుందమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒట్టండి. తెలిస్తే ఇప్పుడే చెప్పేసేదాన్ని."

అన్నది అక్షరాలా నిజం. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గుడ్డల మీద గీతలు పెట్టే ఆమె సుద్దబిళ్ళ బల్ల మీదే ఉండిపోయింది, బొటనవేలు ఒరిసి ఒరిసి ఒకవైపు గుంటపడి.