చెరిపేసిన గొంతు

మన సాఫ్ట్‌వేర్ తమ్ముడికి ఇల్లు సర్దే అలవాటు ఏ కోశానా లేదు గానీ, కంప్యూటర్ సర్దే పిచ్చి మాత్రం ఉంది. ఆ రోజు పొద్దున్నే పనికిరాని ఫైళ్లు చెరిపేస్తూ, అక్క గొంతు దాచిన ఫోల్డర్‌ని కూడా రీసైకిల్ బిన్‌లో సైతం మిగలకుండా ఊడ్చిపారేశాడు. చేతులు దులుపుకున్నాక గుర్తొచ్చింది. ఏం లాభం!

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. తమ్ముడు తయారుచేస్తున్న బొమ్మల కథల సాఫ్ట్‌వేర్ కోసం కథలన్నీ ఆవిడే చదివింది. ఆ తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ, ఆవిడకు మిగిలింది గుసగుసే. ఆ పాత గొంతు ఇంకెక్కడా లేదు. ఏదైనా రెండు చోట్ల దాచుకోవాలని ఊరందరికీ నీతులు చెప్పే ఈ పెద్దమనిషి, తను మాత్రం దాచుకోలేదు.

ఇక ఒక్కటే ఆశ. శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ లోపలే పెట్టేసి ఉంటే, ఫోల్డర్ పోయినా అది ఉంటుంది. ఫోల్డర్ నుంచి తెచ్చుకోమని దారి చూపించి ఉంటే, దాంతోపాటే పోతుంది. తను ఏది చేశాడో ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. మొదటి కథ తెరిచి బటన్ నొక్కాడు. చడీచప్పుడూ లేదు.

అంతలో అక్క వచ్చి వెనక నిలబడింది.

"ఏంట్రా, మొహం అలా పెట్టావ్?" అంది గుసగుసగా.

"నీ గొంతు చెరిపేశానక్కా," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కాసేపు తెర వైపే చూసి, "మరి అదేంట్రా, కదులుతోంది?" అంది.

బొమ్మ కింద గీత మీద చుక్క మెల్లగా ముందుకు పాకుతోంది. శబ్దమే లేకపోతే అది కదలదు! అంటే గొంతు లోపలే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది వాడికి. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ గొంతు వింటూ పని చెయ్యలేక, వాల్యూమ్ సున్నా దగ్గర మొదలయ్యేలా రాసుకున్నది తనే. తెలివి తెల్లారినట్టే ఉంది!

సున్నాని నూరు చేసి మళ్లీ నొక్కాడు. అక్క గొంతు గదంతా ఖంగుమంది.

"అనగనగా ఒక ఏనుగు... ఒరేయ్, ఆగరా! ఊపిరైనా తీసుకోనివ్వవా? ఏంటా తొందర?"

రికార్డు చేసేటప్పుడు అక్క వాణ్ణి కసిరిన మాట, కోసెయ్యాల్సిన ముక్క అది. కొయ్యడం మర్చిపోయాడు.

అమ్మయ్య! గుండెల మీంచి బండ దిగినట్టయింది. కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వేశాడు. అక్క మాత్రం నవ్వలేదు, ఆ ముక్కనే మళ్లీ పెట్టించుకుని వింది.

"అబ్బో, ఈవిడకి నోరెక్కువేరా," అంది గుసగుసగా. "అది మాత్రం కొయ్యకు."