మూఢం వెళ్ళేదాకా

ఎదుటివాళ్ళకి మంచి చేయడంలో ఉదయలక్ష్మిని మించిన మనిషి అడిలైడ్ తెలుగువాళ్ళలో లేదు. ఆ మాట ఇంకొకరు అనక్కర్లేదు, ఆవిడే చెబుతుంది. అన్నం పెట్టి మరీ చెబుతుంది కాబట్టి ఎవరూ కాదనరు.

తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఊరి శివారు మాసన్ లేక్స్‌లో ఆవిడకో చిన్న వర్క్‌షాప్ ఉంది. కాలు పోయినవాళ్ళకి అక్కడ కృత్రిమ కాళ్ళు చేస్తారు. కాలు చేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. మిగిలిన మొండికాలు నొప్పి లేకుండా ఒదిగే తొడుగు చేయడమే అందరి వల్లా కాదు. అది అరచేతికి తెలియాలి. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన గ్రాహం పోయిన చలికాలంలో రిటైరై, పడవొకటి కొనుక్కుని సముద్రం మీద పడ్డాడు. ఆ రోజు నుంచి ఉదయలక్ష్మికి కంటిమీద కునుకు లేదు. తొడుగుల కోసం ఎదురుచూసేవాళ్ళు ఇరవైమందయ్యారు.

అప్పుడు గుర్తొచ్చింది జ్ఞానప్రసూన. రెండేళ్ళ కిందట కరీంనగర్‌లో ఉచిత శిబిరానికి వెళ్ళినప్పుడు చూసిందా పిల్లని. ముప్పై నాలుగేళ్ళుంటాయి. అక్కడో ప్రైవేటు ఆసుపత్రిలో ఇదే పని చేస్తోంది. తొడుగు ఒరుసుకుపోతోందని ఓ లారీ డ్రైవరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, కొలతలేవీ చూడకుండా వేళ్ళతో తడిమి, ఒక్కచోట ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది తొడిగింది. ఆయన లేచి గేటుదాకా నడిచి, నవ్వుతూ వెనక్కొచ్చాడు. ఇలాంటి చెయ్యి మా దగ్గరుంటేనా, అనుకుంది ఉదయలక్ష్మి.

వీసా పనులు చూసే అభినవ్‌ని పిలిచి పప్పుచారు పోసి అడిగింది.

“హెల్త్ కేటగిరీ ఆంటీ, ఫాస్ట్‌ట్రాక్‌లో వెళ్తుంది. ఒకసారి అప్లికేషన్ లాడ్జ్ చేశామంటే కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. బట్ ఫస్ట్ యాడ్ వేయాలి. నాలుగు వారాలుంచి, ఇక్కడివాళ్ళెవరూ దొరకలేదని చూపించాలి. లాడ్జ్ చేసేనాటికి ఆ యాడ్ నాలుగు నెలలకన్నా పాతబడకూడదు, అది గుర్తుపెట్టుకోండి.”

అక్టోబరు రెండో వారంలో ప్రకటన వేశారు. మూడంటే మూడు దరఖాస్తులొచ్చాయి. ఒకడు ప్లంబరు, ఇంకొకడు గుర్రాలకి నాడాలు కొట్టేవాడు, మూడోవాడు ఏ పనైనా చేస్తానన్నాడు. నవంబరు ఆఖరుకి కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. ప్రసూన సంతకాలు పెట్టి పంపింది, తన ఆసుపత్రిలో నోటీసు కూడా ఇచ్చేసింది. ఇక మీట నొక్కడమే తరువాయి.

అక్కడొచ్చి పడింది తంటా. ఉదయలక్ష్మి పంచాంగం తీసింది. అప్పుడే శుక్ర మూఢం మొదలయింది. ఫిబ్రవరి మూడో వారందాకా మంచి పని ఏదీ తలపెట్టకూడదు. చదువుకున్న మనిషే, ఎముకలూ కండరాలూ పేరుపేరునా తెలిసిన మనిషే. అయినా కారు కొన్నా, వర్క్‌షాప్‌లో కొత్త మిషను బిగించినా పంచాంగం చూడనిదే ఊరుకోదు. నమ్మకమా అని అడిగితే, చూస్తే పోయేదేముంది అంటుంది. ఏం పోతుందో అప్పటికింకా తెలియదు కదా.

ప్రసూనకి వీడియో కాల్ చేసింది.

“మూఢం వెళ్ళాక వేద్దామమ్మా. కొత్త బతుకు మొదలెడుతున్నావు, మంచి రోజు చూసుకోవద్దూ? నీ మంచికే చెబుతున్నా. ఏమంటావు?”

“ఇప్పుడే వేద్దాం మేడం. నాకు అసొంటి పట్టింపులు లేవు. మంచి ముహూర్తం చూసే నా పెండ్లి చేసిన్రు. ఆర్నెల్లు గూడ నిలవలే.”

ఉదయలక్ష్మి ప్రాణం చివుక్కుమంది. పాపం, దెబ్బతిన్న పిల్ల, అందుకే ఇలా మాట్లాడుతోంది అనుకుంది. ఈసారైనా అన్నీ సవ్యంగా జరిపించే పూచీ తనదేనని ఇంకా గట్టిగా తీర్మానించుకుంది.

“నీకు తెలీదులే. నే చూసుకుంటాగా,” అంది.

ప్రసూన తలూపింది. ఉద్యోగమిచ్చే మనిషితో ఎంతని వాదిస్తుంది?

“మీ ఇష్టం ఆంటీ. బట్ ఆ నాలుగు నెలల సంగతి...” అని సంగతి విన్న అభినవ్ నసిగాడు.

“లెక్క నే చూసుకున్నాలే నాయనా. మార్చిదాకా టైముంది.”

ప్రకటన తీసేసిన రోజు నుంచి లెక్కేసింది మహాతల్లి. వేసిన రోజు నుంచి లెక్కేయాలని ఆవిడకి తట్టలేదు. అభినవ్ క్రిస్మస్ సెలవులకి పిల్లల్ని తీసుకుని పెర్త్ వెళ్ళిపోయాడు, మళ్ళీ అడగలేదు.

మూఢం వెళ్ళింది. గురువారం, విదియ. దుర్ముహూర్తం దాటేదాకా ఆగి, దేవుడికి దీపం పెట్టి, ఆవిడ అభినవ్‌కి ఫోన్ చేసింది. కాసేపు అవతల కీబోర్డు చప్పుడే వినిపించింది.

“ఆంటీ, వారం దాటిపోయింది. ఈ యాడ్ ఇక చెల్లదు. మళ్ళీ ఫ్రెష్‌గా వేయాలి.”

ఉదయలక్ష్మి వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కేసుకుంది. నాలుగు వారాలే కదా, కొంపలేం మునగవులే అని తనకి తనే చెప్పుకుంది. ప్రసూనకి కూడా అదే చెప్పింది. అప్పటికే ప్రసూన నోటీసు గడువు తీరిపోయింది. ఆమె కూర్చునే బల్ల దగ్గర వేరే కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. అన్న ఇంట్లో ఉంటోంది. రెంటికీ చెడ్డ రేవడి అయింది పిల్ల పరిస్థితి. “సరే మేడం,” అని మాత్రం అంది.

రెండో ప్రకటనకి మూడో వారంలో వచ్చింది టేగన్ దరఖాస్తు. మెల్‌బోర్న్‌లో ఇదే చదువు చదివి, ఆరేళ్ళు ఇదే పని చేసిన అమ్మాయి. భర్తకి ఉద్యోగం మారితే జనవరిలోనే అడిలైడ్ వచ్చిందట. మొదటి ప్రకటన నాటికి ఈ ఊళ్ళోనే లేదు.

ఈ పిల్లకి పని రాకుంటే బాగుండునని ఉదయలక్ష్మి దేవుడికి మొక్కుకుంది. అలా మొక్కుకున్నందుకు సిగ్గుపడింది కూడా. పరీక్షగా ఒక ముసలాయన్ని అప్పగించింది. అంతకుముందు వేరేచోట్ల ఇద్దరు చేసినా ఆయనకి ఏ తొడుగూ నప్పలేదు. టేగన్ అచ్చు తీసింది, రెండుసార్లు సరిచేసింది. ముసలాయన నడిచాడు. ప్రసూన చెయ్యి కాదు గానీ, మంచి చెయ్యే.

వర్క్‌షాప్‌లో ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. ఇక్కడి మనిషి దొరికాక బయటి మనిషికి వీసా అడగకూడదు.

“ఏదో ఒక వంక రాయొచ్చు కదరా అబ్బాయ్?” అని అభినవ్‌ని అడిగింది. అలా అడిగింది తనేనా అని తనకే అనిపించింది.

“రాయొచ్చు ఆంటీ. సంతకం మీరే పెట్టాలి. ఆ అమ్మాయికి ఏం తక్కువైందని రాయమంటారు? మీరే చెప్పండి.”

రెండు రోజులు ఆలోచించింది. అన్నం సహించలేదు. ఎంత వెతికినా టేగన్‌కి తక్కువైనది ఒక్కటీ దొరకలేదు. మూడో రోజు ఉద్యోగం టేగన్‌కే ఇచ్చింది.

ఇక మిగిలింది కరీంనగర్‌కి ఫోన్. గవర్నమెంటువాళ్ళు రూలు మార్చారమ్మా, మన చేతిలో ఏముంది, అని చెబితే సరిపోతుంది. పిల్ల నమ్ముతుంది కూడా. ఆ మాట వంటింట్లో రెండుసార్లు పైకి అనుకుని చూసింది. తీరా తెరమీద ప్రసూన కనబడి, “వీసాకి ఏసిన్రా మేడం?” అని లేచి నిలబడేసరికి ఆ అబద్ధం నోట్లోనే ఉండిపోయింది.

“వేయలేదమ్మా. ఇక రాదు. తప్పంతా నాదే,” అంది. మూఢం, తప్పిన లెక్క, టేగన్, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. “నీ మంచికే అనుకున్నానమ్మా. ఒట్టు, నీ మంచికే.”

ప్రసూన కూర్చుంది. వెనకాల ఆమె అన్న పిల్లలు టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటున్నారు. వాళ్ళని ఊరుకోమనలేదు, తనూ ఏడవలేదు. గొంతులో కోపం కూడా లేదు.

“నా మంచేందో నాకు తెల్వదా మేడం? మా అత్తోల్లింట్ల ఇట్లనే, మా అన్నింట్ల ఇట్లనే. అందరు నా మంచికే జేస్తరు. మీ దగ్గరికొస్తే ఇది తప్పుతది అనుకున్న.”