ఆకాశానికి అడ్డం

మూట ముడి విప్పడం, దుప్పటి బయటకు లాగడం, రెండు కొసలూ పట్టుకుని గట్టిగా దులపడం, పక్కనున్న తొట్టిలో పడేయడం. మళ్లీ ఇంకొకటి. విమానాల్లో ప్రయాణికులు కప్పుకునే పల్చటి దుప్పట్లు అవి. దిగిన విమానాల నుంచి లారీ వాటిని మోసుకొచ్చి లాండ్రీ వెనక గుమ్మం దగ్గర గుట్టగా పోసి పోతుంది. దులపకుండా మిషన్లో వేసిన రోజుల్లో పెన్నులూ, చెవుల్లో పెట్టుకునే తీగలూ, ఒకసారి ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టూ డ్రమ్ములో చేరి నానా గోల చేశాయి. అప్పటి నుంచి దులిపే పని ఒక మనిషికి అప్పగించారు. ఆ మనిషిని లాండ్రీలో అందరూ రాడారు అంటారు.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. దాన్ని చూసే గుమాస్తా కూడా రాడారు అనే పిలుస్తాడు. యాభై దాటిన సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వాలి ఉంటుంది. పని మొదలెట్టిన కాసేపటికే కనుబొమ్మల మీద దుప్పటి నూగు పేరుకుని ముసలివాడైపోతాడు. మొహం కడుక్కోగానే మళ్లీ వయసు తగ్గుతుంది. ఇన్ని విమానాల దుప్పట్లు దులిపాడే కానీ, అతను విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కాలన్న కోరికా లేదు. అతనికి కావలసింది అవి ఎక్కడున్నాయో తెలియడం, అంతే.

దానికి ఇంట్లో సరంజామా ఉంది. బొటనవేలంత రేడియో ముక్క ఒకటి, ఎవరో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత లాప్‌టాపు ఒకటి, డాబా మీద ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి నిలబెట్టిన రాగి తీగ ఒకటి. ఎగిరే విమానం ఊరికే ఎగరదు. నేను ఫలానా, ఇంత ఎత్తులో ఉన్నాను, ఇటు పోతున్నాను అని చాటుకుంటూ పోతుంది. ఆ చాటింపును రాగి తీగ వింటుంది, రేడియో ముక్క అందుకుంటుంది, లాప్‌టాపులో పటం మీద చిన్న విమానం బొమ్మ కదులుతుంది. పనినుంచి రాగానే అతను దాని ముందు కూర్చుంటాడు. టీ చల్లారిపోతుంది, ఎవరైనా పిలిస్తే రెండో పిలుపుకు కానీ పలకడు. "ఎక్కడో ఆకాశంలో పోయేవాళ్ల మాట వింటారు. పక్కగదిలో మనిషి మాట వినడానికి ఏ తీగ పెట్టాలో!" అనేది భార్య. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత మామూలుగా అనేది. ఈ మధ్య అనడం మానేసింది. మానేసిందన్న సంగతి అతను గమనించలేదు.

ఆ రోజు ఆవిడ విమానం ఎక్కుతోంది.

"ఏం రాడారూ, మీ ఆవిడ నువ్వు దులిపిన దుప్పటే కప్పుకుంటుందేమో!" అన్నాడు లాండ్రీ మేస్త్రి. భారీ మనిషి, నవ్వితే తొట్టి కూడా కదులుతుంది.

"అది ఛస్తే కప్పుకోదు మేస్త్రీ. వీటిలోంచి ఏమేం రాలతాయో నేను రోజూ చెబుతూనే ఉన్నాగా."

ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్లు కూడా నవ్వారు.

"సగం పూట సెలవు పెట్టావటగా. ఎయిర్‌పోర్టుకేనా?"

"అక్కడికెళ్లి ఏం చూస్తాను? గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంట్లో కూర్చుంటే తను ఊరి తూర్పున సరస్సు దాటేదాకా చూడొచ్చు. ఎవరైనా భార్యను అంతదూరం సాగనంపుతారా చెప్పండి!"

మేస్త్రి తల గోక్కుని, "అదీ నిజమేలే" అన్నాడు.

పైకి అంత ధీమాగా మాట్లాడాడు కానీ లోపల వేరే సంగతి ఉంది. ఆవిడ వెళ్తున్నది అక్కగారి దగ్గరికి. అక్కగారికి మోకాలి ఆపరేషన్ అయింది, మంచం దిగలేదు, చూసుకోవడానికి మనిషి కావాలి. అంతవరకూ న్యాయమే. అయితే ఆ అక్కగారికి కుట్టు దుకాణం ఉంది. నా దగ్గరికి వచ్చెయ్యవే, ఇద్దరం కుట్టుకుంటూ బతుకుదాం అని ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉంది. టికెట్ తీసేటప్పుడు అతను, "తిరుగు టికెట్ కూడా తీసేద్దామా?" అని అడిగాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "చూద్దాం" అంది. ఆ ఒక్క మాట అరికాల్లో ముల్లులా అక్కడే ఉండిపోయింది. తిరిగి వస్తావా అని సూటిగా అడగడానికి అతనికి నోరు రాలేదు. వస్తానంటే సరే. రానంటే? ఇద్దరే మనుషులు ఆ ఇంట్లో, పిల్లలు లేరు. భయమేసింది. భయమేసినప్పుడు అతనికి తెలిసిన ఉపాయం ఒకటే. సెలవు రోజున డాబా ఎక్కి యాంటెన్నాకు కొత్త కేబుల్ వేశాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. మేడ మీద రెండు గదులు, పైన డాబా. గదుల్లో సబ్బు వాసన. ఉతికిన దుప్పట్లు కుర్చీల వీపుల మీదా, కిటికీ ఊచల మీదా ఆరేసి ఉన్నాయి. వాటి కొసల నుంచి నేల మీద బొట్లు పడుతున్నాయి. అతను వాటిని పక్కకు జరిపి దారి చేసుకుని తిన్నగా లాప్‌టాపు దగ్గరికి పోయి దాన్ని లేపాడు.

దుప్పట్లు ఎప్పుడూ ఆరేది డాబా మీద. వాళ్లు ఆ ఇంట్లో దిగిన వారంలోనే ఆవిడ రెండు స్తంభాలకు కొక్కేలు కొట్టి, ఇనప తీగ లాగి, స్వయంగా దండెం కట్టుకుంది. క్లిప్పులు పళ్ల మధ్య కరిచిపట్టుకుని బట్టలు ఆరేస్తూ, అలాగే అతనితో కబుర్లు చెప్పేది. తర్వాతెప్పుడో యాంటెన్నా వచ్చింది. తూర్పు నుంచి వచ్చే చాటింపుకు దండెమే అడ్డం, ఆ ఇనప తీగ, దానిమీద తడి బట్టలు. సరస్సు దాటగానే విమానాలు పటం మీంచి మాయమైపోయేవి. ఆ దండెం గురించి వాళ్లింట్లో జరగని యుద్ధం లేదు.

"ఆకాశానికి అడ్డం నీ దండెం!"

"నేను ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ దండెం అక్కడే ఉంటుంది. మీ గొట్టం కావాలంటే ఇంకో చోట పాతుకోండి."

వేరే చోటు లేదు. మిగతాదంతా నీళ్ల ట్యాంకు. అలా గొట్టమూ దండెమూ ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఏళ్లు గడిపాయి.

"ఇలా రండి ఒకసారి" అని వంటగదిలోంచి పిలిచింది ఆవిడ. రెండో పిలుపుకు వెళ్లాడు. "ఇది ఉప్పు డబ్బా, ఇది పంచదార డబ్బా. మీకు రెండూ ఒకటే."

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"గ్యాసు బండ మార్చినప్పుడు రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. ఊరికే సరే సరే అనకండి."

"సరే సరే."

ఆవిడకు నవ్వొచ్చింది. పొడుగాటి మనిషి, సబ్బు నీళ్లకు అరచేతులు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వాటిని తుడుచుకుంటూ నిలబడితే, అతను తన ఏర్పాటు గురించి చెప్పాడు. "ఇదిగో, నీది ఎడమవైపు కిటికీ సీటు. అడిగి మరీ తీయించాను. పైకి లేచిన కాసేపటికి కిందికి చూడు. నీలం రంగు నీళ్ల ట్యాంకు కనపడుతుంది. అదే మన డాబా."

"మీరు కనపడతారా?"

"నేనెలా కనపడతాను? లోపల స్క్రీను దగ్గర ఉంటాగా. నువ్వే నాకు కనపడతావు."

ఆవిడ చేతిగుడ్డ మడిచి గట్టు మీద పెట్టింది. "అవును, అలాగే కానివ్వండి" అంది.

కింద హారన్ మోగింది. ఆవిడ తమ్ముడు వ్యాను తెచ్చాడు, మెట్లెక్కి వచ్చి సూట్‌కేసు అందుకున్నాడు. "ఇదేంటక్కా ఇంత బరువు! ఇల్లంతా మోసుకుపోతున్నావా?"

"ఇల్లు ఎవరు మోస్తార్రా. పద."

"వస్తా బావా" అంటూ వాడు దిగిపోయాడు. ఆవిడ గుమ్మం దాటి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చింది. అతని కనుబొమ్మ మీది నూగు బొటనవేలితో తుడిచింది. "మొహం కూడా కడుక్కోకుండా వచ్చేశారు" అంది. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు, వ్యాను తలుపు చప్పుడు.

అతను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

ఎదురుచూడటం అతనికి కష్టమైన పని కాదు. ఆవిడ టికెట్ మీది నంబరు ఎట్టకేలకు పటం మీద వెలిగింది. పక్కన అంకెలు చకచకా మారుతున్నాయి. ఎత్తు పెరుగుతోంది, వేగం పెరుగుతోంది. "వచ్చావా!" అన్నాడు పైకే. బొమ్మ తిన్నగా ఇంటి మీదికి వచ్చింది. కప్పు పైన గరగరమని మోత, వంటగదిలో గిన్నెలు సన్నగా వణికాయి. అతను తలెత్తలేదు. ఆ క్షణం ఎక్కడ జారిపోతుందోనని కళ్లు తెరకు అప్పగించేశాడు.

బొమ్మ తూర్పుకు తిరిగింది. సరస్సు దగ్గరపడుతోంది. ఇక అయిపోయింది, ఇక్కడే పోతుంది అనుకుంటూ గుప్పిళ్లు బిగించాడు. సరస్సు దాటింది. బొమ్మ పోలేదు. అవతలి కొండలు దాటింది. పోలేదు. అతను పేరు మాత్రమే విన్న ఊళ్ల మీదుగా సాగిపోతూనే ఉంది. ఇన్నేళ్లలో ఆ వైపు అంతదూరం ఏ విమానమూ కనిపించలేదు. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఈ ఆనందం ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మేస్త్రికి ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, సరస్సు దాటేసింది! ఇంకా కనపడుతోంది! సముద్రం దాకా వదిలేలా లేదు. అంతా మొన్న వేసిన కేబుల్ మహిమ!"

"ఇంకేం, పండగ చేసుకో" అన్నాడు మేస్త్రి, వెనక మిషన్ల హోరులోంచి. "అవునూ, ఎప్పుడూ తూర్పున మీ ఆవిడ దండెం అడ్డమని ఏడ్చేవాడివిగా. బట్టలేం ఆరెయ్యలేదా?"

"బట్టలున్నా లేకపోయినా ఆ ఇనప తీగ ఒక్కటి చాలు మేస్త్రీ. అది ఎక్కడికి పోతుంది?"

అనేశాక కానీ తను అన్నమాట అతనికి వినపడలేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, మేస్త్రి హలో హలో అంటున్నాడు. అతను కుర్చీ వీపు మీది తడి దుప్పటిని చూస్తున్నాడు. కేబుల్ వేసి రోజులైంది. నిన్న కూడా విమానాలు సరస్సు దగ్గరే పోయాయి.

ఫోన్ బల్ల మీద పెట్టి డాబా మెట్లు ఎక్కాడు.

డాబా మొత్తం ఎండ. యాంటెన్నా గొట్టం ఒంటరిగా నిలబడి ఉంది. రెండు స్తంభాల మధ్య ఏమీ లేదు. కొక్కేలు ఊడదీసిన చోట గుండ్రటి తుప్పు మరకలు మాత్రం ఉన్నాయి. పక్కన అతని పట్టకారు, పని అయ్యాక శుభ్రంగా తుడిచి పెట్టినట్టుంది. ఇనప తీగను చుట్టచుట్టి, కొస బయటకు రాకుండా మడిచి, గోడ వారన పెట్టింది. పొద్దున అతను లాండ్రీలో దుప్పట్లు దులుపుతున్నప్పుడు ఆవిడ ఒక్కతీ ఈ ఎండలో నిలబడి, ఏళ్ల నాటి ముడులు విప్పి ఉంటుంది.

నేను ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ దండెం అక్కడే ఉంటుంది.

అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు ఆవిడ ఇచ్చే వెళ్లింది. అతను తలెత్తి తూర్పుకు చూశాడు. ఎక్కడా ఏ అడ్డమూ లేదు, ఏ విమానమూ లేదు. ఇందాక ఇంటి మీదుగా పోయినప్పుడు ఎడమవైపు కిటికీలోంచి ఆవిడ నీలం ట్యాంకు వెతుక్కుని ఉంటుంది. డాబా ఖాళీగా కనిపించి ఉంటుంది. ఆలస్యమైందని తెలిసే చెయ్యి పైకెత్తాడు. కాసేపు అలాగే ఉంచి, దించేశాడు.

కింద గదిలో పటం అంచు దాకా వెళ్లిన చిన్న బొమ్మ అంకెలు మారకుండా కొంచెంసేపు నిలబడి, తర్వాత చెరిగిపోయింది. అది చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

అతను గొట్టం పక్కన కూర్చున్నాడు. దాని మొదట్లో, నీడ పడే చోట, క్లిప్పుల డబ్బా ఉంది, వాన నీళ్లు లోపలికి పోకుండా మూత గట్టిగా బిగించి.