గేటు దాకా

మా ఎదురింటి గేటుకు రెండు రెక్కలు. మనుషులకు ఒకటి చాలు. కారు వచ్చినప్పుడే రెండోది తెరవాలి. ధర్మేందర్ బతికి ఉన్నంతకాలం సాయంత్రం పూట ఆ రెండూ తెరిచే పని అతని తల్లి మైసమ్మది. కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే ఆమె గేటు దగ్గర నిలబడి ఉండేది. అతనికి హారన్ కొట్టే అవసరం ఏనాడూ రాలేదు.

అది రెండు తలుపుల ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఎవరో వాడినదాన్ని కొన్నాడు. కొన్న వెంటనే చేసిన మొదటి పని, కంపెనీ సైలెన్సర్ తీయించి వేరొకటి పెట్టించడం. ఉప్పల్లో మా బీరప్పగడ్డ మొత్తానికీ ఆ చప్పుడు తెలుసు. దానిపై మొట్టమొదట అభ్యంతరం చెప్పినవాణ్ణి నేనే. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి డెసిబెల్ లెక్కలతో సహా చెప్పాను. "సార్, అది సప్పుడు గాదు, బేస్" అని నవ్వి, ఆ మర్నాటి నుంచి మా ఇంటి ముందు మాత్రం నెమ్మదిగా పోయేవాడు.

గడచిన చలికాలంలో, ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు.

కారు అమ్మడానికి మైసమ్మ ఒప్పుకోలేదు. కవరు కప్పి మూలన పెట్టడానికీ ఒప్పుకోలేదు. "వాని బండి ఆగొద్దు" అన్నది. అందుకని తమ్ముడు సాయి కుమార్ చర్లపల్లిలోని తన పనికి ఆ కారులోనే వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. మొదటి సాయంత్రం నేను వరండాలో ఉన్నాను. కారు మలుపు తిరిగింది. మైసమ్మ పిండి అంటిన చేతులతోనే పరుగున వచ్చి రెండు రెక్కలూ తెరిచింది. కారు తలుపు తెరుచుకుని సాయి దిగేదాకా ఆమె ముఖం వేరు. దిగిన తరువాత వేరు.

"నువ్వా బిడ్డా. రా."

మర్నాడూ అంతే. ఎండాకాలం వచ్చినా అంతే.

పోయినవాడు కారును వదలలేదని వీధిలో ఒక మాట పుట్టింది. మైసమ్మ చెల్లెలు వచ్చి బంపర్‌కు నిమ్మకాయలు కట్టి, శాంతి చేయించమని చెప్పి వెళ్ళింది. ఒక ఆదివారం ఉదయం సాయి మా ఇంటికి వచ్చాడు.

"సార్, మీరు గివన్ని నమ్మరు గద. జర చెప్పున్రి. మా అమ్మకేమన్న అయిందా?"

"ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి ఒక చప్పుడు వినగానే ఒకే పని చేసిన శరీరం, ఆలోచన కన్నా ముందే లేస్తుంది. ఇందులో దయ్యం లేదు, జబ్బూ లేదు."

"మరెట్ల పోతది?"

"చప్పుడు మారితే కాళ్ళు లేవవు."

అతడు కిటికీలోంచి ఎదురింటి గేటు వైపు చూశాడు. "ఆమె మొఖం సూడలేకపోతున్న సార్. గేటు కాడ దినాం ఒక్కసారి అన్నను నేనే సంపుతున్నట్టున్నది."

ఆ మాటతో మేము నాచారం బయలుదేరాం.

పారిశ్రామికవాడలో కార్లకు సైలెన్సర్లు బిగించే ఒక రేకుల షెడ్డు. యజమాని కామరాజు, గోదావరి ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవాడు. గోడకు పైపులూ సైలెన్సర్ డబ్బాలూ వరుసగా వేలాడుతున్నాయి. సాయి కంటే ముందు నన్ను చూసి, "మీకాండీ స్పోర్ట్స్ కారు?" అన్నాడు, చాలా గంభీరంగా.

"నాకైతే దీనిలో కూర్చుంటే లేవడానికి క్రేన్ కావాలి" అన్నాను.

అతడు గోడకున్న ఒక డబ్బాను చూపించాడు. "ఇది వేయించండి, ఇంజిన్ బలం ఇరవై గుర్రాలు పెరుగుతుంది."

"కొలిచారా?"

"కొలవడం దేనికండీ? తొక్కితే తెలిసిపోద్ది."

సాయి నవ్వాడు. ఎన్నో నెలల తరువాత అతని నవ్వు విన్నాను.

మేము కోరింది వినగానే కామరాజు చేతిలోని రెంచీ కింద పెట్టాడు. "అందరూ బాగుండే సౌండు అడుగుతారు. మీరేంటండీ, ఇప్పుడున్నదానిలా ఉండకూడదంటారు?"

సాయి కారు వైపు చూశాడు. సంగతంతా నేను చెప్పాను. కామరాజు ఇక గుర్రాల మాట ఎత్తలేదు.

ముందుగా పాత చప్పుడును నా ఫోనులో పట్టి, ఏ స్థాయిలో ఎంత బలం ఉన్నదో గీతలుగా చూశాను. సైలెన్సర్ మార్చినంత మాత్రాన ఇంజిన్ లయ మారదు. ఆ లయలోని ఏ పొరలు బయటికి రావాలో, ఏవి డబ్బాలోనే అణగాలో మాత్రమే అది నిర్ణయిస్తుంది. ధర్మేందర్ ఎంచుకున్నది కింది పొరలను, అంటే లోతైన ధ్వనులను, బయటికి వదిలేది. అందుకే మా కిటికీ అద్దాలు సన్నగా అదిరేవి. గోడల వెనుక వంటింట్లో ఉన్న మనిషిని చేరేవి కూడా ఆ పొరలే.

కామరాజు ఒక్కొక్కటే తాత్కాలికంగా బిగించి వినిపించాడు. మొదటిది డబ్బానే లేని తిన్నని పైపు. షెడ్డు రేకులు మోగిపోయాయి.

"దీనితో రోడ్డెక్కితే ట్రాఫిక్ వాళ్ళు గేటు తీస్తారు" అన్నాను.

రెండోదానికి సాయి కళ్ళు మూసుకున్నాడు. లోతైన, గుండ్రటి ధ్వని. ఒకసారి యాక్సిలరేటర్ నొక్కి వదిలాడు, మళ్ళీ నొక్కాడు. "గిది మస్తున్నది సార్" అన్నాడు మెల్లగా. ఫోను చూశాను. పాతదానికి దాదాపు సోదరి. అతనికి ఎందుకు నచ్చిందో చెప్పనవసరం లేదు. నేను తల అడ్డంగా ఊపితే ఇంజిన్ ఆపాడు.

మూడోది పొడవాటి సన్నని డబ్బా. పొడి గొంతు, కాస్త ముక్కుతో పలికినట్టు.

"గిదేంది సార్, స్కూటీ లెక్కున్నది."

"మనకు కావలసింది అదే కదా."

"ఔ" అన్నాడు. ఆ తరువాత, తనకు తాను చెప్పుకుంటున్నట్టు మరోసారి, "ఔ సార్."

ఊడదీసిన పాతదాన్ని ఏం చేయమంటారని కామరాజు అడిగాడు. సాయి తన రెయిన్ కోటు పరిచి దాన్ని డిక్కీలో పడుకోబెట్టాడు.

నన్ను ముందుగా దింపేసి, పెట్రోలు పోయించుకుని వస్తానని వెళ్ళాడు. నేను వరండాలో నిలబడ్డాను. కొత్త చప్పుడు మలుపు తిరిగింది. ఎదురింటి గేటు కదలలేదు. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఒక ప్రయోగం ఫలించినప్పటి పాత సంతోషం నాలో ఒక్క క్షణం లేచింది.

సాయి గేటు ముందు కారు ఆపాడు. నా వైపు చూసి చేయి ఊపాడు. కానీ వెంటనే దిగలేదు. ఇంజిన్ నడుస్తూనే ఉన్నది. అతడు స్టీరింగ్ మీద చేతులు ఉంచి, మూసి ఉన్న రెక్కలను చూస్తూ అవసరమైన దానికన్నా ఎక్కువసేపు కూర్చున్నాడు. చివరికి తనే దిగి తెరుచుకున్నాడు.

ఇంజిన్ ఆగిన తరువాత మైసమ్మ బయటికి వచ్చింది. కారును చూసింది, కొడుకును చూసింది.

"బండి సప్పుడేది?"

సాయి నా వైపు చూశాడు. నేను వీధి దాటి వెళ్ళాను.

"నేనే మార్చమన్నానమ్మా. రోజూ మీరు పొరబడి పరుగెత్తుకు వస్తున్నారని."

"పొరబడుడేంది సార్?" ఆమె గొంతులో కోపం లేదు. "వాడు లేడని నాకు ఎర్కలేదా? నా చేతులతోని తానం పోసి సాగనంపిన. అంతా ఎర్కే. కని ఆ సప్పుడు ఇనవడితే, పొయ్యికాడి నుంచి గేటు దాక వాడుంటుండె. గేటు తీసినంక లేడు. గంతే. గంతసేపన్న ఉంటుండె సార్."

కాళ్ళు ఎందుకు లేస్తాయో చెప్పగలిగాను. ఆ లేచిన కాళ్ళ మీద ఆమె దేన్ని మోసుకొస్తున్నదో అడగాలని కూడా నాకు తోచలేదు. నిమ్మకాయలు కట్టినామె కనీసం అతడు వస్తున్నాడనే మాటతో మొదలుపెట్టింది. నేను చేయించినదీ ఒక శాంతే.

సాయి అప్పటికే డిక్కీ తెరిచాడు. "అమ్మా, పాతది ఈడనే ఉన్నది. రేపే మళ్ల వెట్టిస్త. పొద్దుగాలనే పోత."

మైసమ్మ వంగి, రెయిన్ కోటులోని ఆ డబ్బాను అరచేత్తో తాకింది. మసి అంటింది. తుడుచుకోలేదు.

"వద్దు బిడ్డా. ఇగ అది వాడు వెట్టింది గాదు, నువ్వు వెట్టింది అయితది. కాళ్లకు ఎర్కైపాయె."

"నిన్ను గట్ల సూడలేకనే అమ్మా..."

"ఎర్కే" అని ఆమె కొడుకు తల మీద మసి అంటని చేయి ఉంచింది. "బువ్వ తిందువు రా."

రెండు రెక్కలూ నేనే మూసి వచ్చాను.

మర్నాటి సాయంత్రం పత్రిక చేతిలో ఉన్నా నేను చదవడం లేదు. ఆ పొడి గొంతు మలుపు తిరిగింది. మా కిటికీ అద్దాలు కదలలేదు. కారు గేటు ముందు ఆగింది. సాయి చేయి హారన్ మీదికి వెళ్ళి, నొక్కకుండానే వెనక్కి వచ్చింది. దిగి, గడియ తీసి, ఒక రెక్క తెరిచి రాయి అడ్డం పెట్టాడు. రెండోది నేలకు రాసుకుంటూ తెరుచుకున్నది.

ఆ రాపిడికి లోపలి నుంచి మైసమ్మ గొంతు వినిపించింది.

"ఎవలు?"

అతడు ఇనుప రెక్క పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"నేనే అమ్మా" అన్నాడు. "సాయిని."