తోడు వేసిన నీళ్లు

నేను ఒక చేపల తొట్టిని. ఐదు గాజు పలకలు, వాటిని పట్టి ఉంచే జిగురు, అంతే నా ఒళ్లు. భీమవరంలో అద్దాలు కోసే కొట్టు వెనక వరండాలో పుట్టాను. నన్ను అతికించినాయన మూడు రోజులు నీళ్లు నింపి ఉంచి, కింద పరిచిన పాత పేపరు తడిసిందేమోనని పొద్దునా సాయంత్రం తడిమి చూసేవాడు. తడవలేదు. చుక్క కారని పుట్టుక నాది. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

నన్ను కొన్నది డ్రిల్లు మాస్టారు వెంకటరత్నం. చేపల మీద ప్రేమతో కాదు. హాల్లో ఈశాన్యం మూల నీళ్లుండాలని వాస్తు చూసినాయన చెప్పాడట. బిందెడు నీళ్లు పెట్టినా సరిపోయేదే కానీ, చూసేవాళ్లకు బాగుండాలిగా! అడుగున గులకరాళ్లు పరిచారు. గాలి బుడగలకు ఒక గొట్టం, మురికి పట్టే స్పాంజి ఒకటి పెట్టారు. ఆరు బంగారు చేపలను వదిలారు.

"రోజుకు మూడుసార్లు మేత వెయ్యండి సార్. ఆదివారం ఆదివారం నీళ్లన్నీ పారబోసి కొత్తవి పట్టండి. అంతే" అన్నాడు చేపలమ్మిన కొట్టాయన. ఆ మాట అమలు చేసినవాళ్లు త్వరలోనే మళ్లీ చేపలకు వస్తారని ఆయనకు తెలుసో తెలియదో మరి.

అమలు చేసే పని మాస్టారి భార్య సుభాషిణి మీద పడింది. ఆమె గిన్నె తోమితే అందులో మొహం చూసుకోవచ్చు. ఆదివారం నన్ను పెరట్లో పంపు కింద కూర్చోబెట్టి, సబ్బు పొడి వేసి పీచుతో రుద్దేది. గులకరాళ్లను బియ్యం కడిగినట్టు ఏడు నీళ్లు మార్చి కడిగేది. స్పాంజిని పిండి ఎండలో ఆరేసేది. తళతళలాడుతూ నేను ఈశాన్యానికి చేరేదాన్ని. మున్సిపాలిటీ మందు వాసన ఇంకా పోని నీళ్లలోకి చేపలు దిగేవి. ఏదో ఒక మంగళవారం ఒకటి వెల్లకిలా తేలేది.

"పోనీలే. మన ఇంటికి రావలసిన గండం అది తీసుకుపోయింది" అనేవారు మాస్టారు. పోయినవాటి బదులు తెచ్చినవాటితో కలిపి ఆ ఏడాదిలో పదకొండు చేపలు పోయాయి. ఆ లెక్కన ఆ ఇంటి మీదికి పదకొండు గండాలు బయలుదేరాయి. అసలు గండం పెరట్లో పంపు దగ్గరుందని ఎవరికీ తోచలేదు. మేత చాలట్లేదేమోనని పక్కింటావిడ అంది. మేత పెంచారు. నీళ్లు గంజిలా తయారయ్యాయి. ఒక్కోసారి అదే హాల్లో ఒక చేపకు చింతపండు పులుసు, ఇంకో చేపకు కన్నీళ్లు. మనుషులు చిత్రమైనవాళ్లు.

మాస్టారి చెల్లెలు కుసుమ రెండు వీధుల అవతల ఉంటుంది. ఆమె మాత్రం గండాలను నమ్మలేదు. "కొందరి చెయ్యంతే అన్నయ్యా. వదిన చెయ్యి మంచిది కాదు" అని తేల్చేసింది. ఆ వేసవిలో ఆవకాయ బేసిన్ ముందు సుభాషిణి కూర్చోబోతే, "నువ్వు ముక్కలు తుడువు వదినా, నేను కలుపుతాలే. ఏడాదంతా నిలవుండాల్సింది" అంది. పదిహేనేళ్లుగా ఆ ఇంటి ఆవకాయ కలిపింది సుభాషిణే. మాస్టారు పేపరు చదువుకుంటూ విననట్టే ఉన్నారు. ఆమె మామిడి ముక్కలు తుడిచింది. తరవాత నా దగ్గరకొచ్చి, తన అరచేతిని నా పలకకు ఆనించి చాలాసేపు చూసుకుంది.

శ్రావణానికి నాలో ఒకే ఒక్కటి మిగిలింది, తెల్లతోకది. "ఇదీ పోతే తొట్టి తీసేద్దాం. ఉల్లిపాయలు పోసుకోడానికి పనికొస్తుంది" అన్నారు మాస్టారు. ఉల్లిపాయల సంగతి నాకు బెంగ లేదు. కానీ తెల్లతోకది పోతే, సుభాషిణి చెయ్యి మంచిది కాదన్న మాట ఆ ఇంట్లో స్థిరపడిపోతుంది.

ఆ ఆదివారం ఆమె నన్ను పెరట్లోకి మోసుకొచ్చి, సబ్బు పొడి చేతిలోకి తీసుకున్న సమయానికి మరిడమ్మ వచ్చింది. బతికున్న కొర్రమీనులను సత్తు గంపలో నీళ్లు పోసి నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది. పొద్దుటి చేప సాయంత్రానికి కూడా తోకతో గంపను కొడుతూనే ఉంటుంది.

"ఏంటండమ్మగారూ, దాని కొంప కడిగేత్తన్నారా?" అంది గంప దించుతూ.

"శుభ్రంగా ఉంటే బతుకుతుందని."

"సుబ్బరానికే సచ్చిపోతన్నాయండి! నా గంప లోపల సూడండి, పాకుడు. ఎప్పుడన్నా సబ్బెట్టానా? మా ఆయన చెరువుల మీద పనిసేసేటప్పుడు కొత్త చెరువుకి పాత చెరువు నీళ్లు తోడిపోసేవోరు. మీరు పాలు తోడెట్టాలంటే నిన్నటి పెరుగు దాచుకోరేటి? రాళ్ల మీద ఆ జిగురే మీ తోడండి. దాన్ని కడిగేసి, ఉత్త పాలు తోడుకోలేదని ఏడిత్తే ఎలాగ?"

సుభాషిణి చేతిలోని సబ్బు పొడి జారి నేల మీద పడింది. ఆరేళ్లు చేపల చదువు చదివినవాళ్లు చెప్పినా ఆమె తలకెక్కేది కాదేమో. పెరుగు మాట ఎక్కింది.

ఆ రోజు నుంచి, మరిడమ్మ వచ్చినప్పుడల్లా అడిగి తెలుసుకుంటూ, బకెట్టు నీళ్లు ఒక రోజు ముందే పట్టి, మందు వాసన పోయేదాకా మూత లేకుండా ఉంచేది. నాలోంచి నాలుగో వంతు మాత్రమే తీసేది. తీసిన ఆ పాత నీళ్లలోనే స్పాంజిని ముంచి తేలిగ్గా పిండి మళ్లీ పెట్టేది. మిగిలిన నీళ్లు మల్లె కుండీకి. మేత రెండు వేళ్ల మధ్య పట్టినంతే. నా అద్దాలకు లోపల పలచగా పచ్చదనం పట్టింది. కుసుమ ఒకసారి చూసి, "ఛీ, ఇదేంటి వదినా, పాచి పట్టించేశావు!" అంది. సుభాషిణి నవ్వి ముందు వైపు పలక ఒక్కటే తుడిచింది.

మంగళవారాలు వచ్చి వెళ్లాయి. తెల్లతోకది తేలలేదు. దీపావళికి దానికి జతగా మూడు వచ్చాయి. అవీ తేలలేదు. సంవత్సరం తిరిగేసరికి తెల్లతోకది జానెడు పొడవైంది. సుభాషిణి చెయ్యి నీళ్లలో పెడితే వచ్చి వేళ్లను మూతితో పొడిచేది. మాస్టారు వచ్చినవాళ్లకల్లా, "ఈశాన్యం బలం" అని చెప్పుకునేవారు. చెప్పుకోనివ్వండి.

ఈలోగా కుసుమ మూడడుగుల తొట్టి కొంది, లోపల రంగుల దీపాలతో సహా. రెండు విడతల చేపలు పోయాయి. మాఘంలో ఒక పొద్దున స్టీలు డబ్బా పట్టుకుని వచ్చి, నా ముందు నిలబడి, గొంతు సవరించుకుంది.

"వదినా... మీ తొట్టిలో రాళ్లు ఓ గుప్పెడు ఇస్తావా? కొంచెం ఆ స్పాంజి ముక్క కూడా?"

"పాచి కదే?" అంది సుభాషిణి.

"ఎగతాళి చెయ్యకు వదినా."

సుభాషిణి కొంగు దోపుకుని మోచెయ్యి దాకా నాలోకి చెయ్యి పెట్టింది. గుప్పెడు రాళ్లు తీసి డబ్బాలో వేసి, తడి ఆరకుండా నా నీళ్లే ముంచి పోసింది. స్పాంజి చివర కత్తిరించి అందులో వేసి మూత పెట్టి అందించింది. కుసుమ అందుకోలేదు.

"నాకివ్వకు. నువ్వే రా వదినా. మా తొట్టిలో నీ చేత్తోనే వెయ్యి."

మాస్టారి చేతిలో పేపరు కిందికి దిగింది. ఈసారి విన్నారు.

సుభాషిణి తడి చెయ్యి తుడుచుకోకుండానే చెప్పులు తొడుక్కుంది. మళ్లీ వేసవి వచ్చాక ఆవకాయ బేసిన్ ముందు పీట వేసి, "కూర్చో వదినా" అంది కుసుమే. ఎర్రటి కారం మోచేతుల దాకా అంటుకున్న సుభాషిణి చేతులను ఈశాన్యం మూల నుంచి నేను చూశాను. నాలోంచి తెల్లతోకదీ చూసింది. నేను ఇప్పటికీ చుక్క కారలేదు. ఉల్లిపాయలు వంటింట్లో బుట్టలోనే ఉన్నాయి.