ఇరవై రెండు రోజుల హాజరు

మేస్త్రి అప్పీలు కాగితాన్ని సైనికుల పెన్షన్ ఆఫీసు గుమాస్తా అద్దం కిటికీ సందులోంచి బయటికి తోసేశాడు. చేత్తో కూడా కాదు, స్కేలుతో. మూత్రపిండాల జబ్బు కూడా అంటుకుంటుందనుకున్నాడు కాబోలు మహానుభావుడు.

"పద్నాలుగేళ్ల సర్వీసులో నువ్వు ఒక్కరోజు కూడా జబ్బుపడలేదు. ఇదిగో హాజరు రికార్డు. ఒక్క నాగా లేదు. ఇంటికెళ్లాక కిడ్నీలు పాడుచేసుకుని ప్రభుత్వం నెత్తిన రుద్దుతావా?"

 మేస్త్రి మొహం ఉబ్బిపోయింది. పాదాలు పట్టక చెప్పుల పట్టీలు కోసేసుకున్నాడు. రోజుకి రెండు గ్లాసుల నీళ్లే తాగాలన్నాడు డాక్టరు. అద్దానికి అవతల గుమాస్తా సీసా ఎత్తి గటగటా తాగుతుంటే మా వాడు తల పక్కకి తిప్పుకున్నాడు. సైన్యం వదిలాక ఊరందరికీ గోడలు కట్టిన మనిషి, ఆఫీసు గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

మిల్లుల్లో పనిచేసేవాళ్లూ, కాలేజీల్లో చదివేవాళ్లూ వినాలనే ఇదంతా చెబుతున్నాను. ఆ జబ్బు కొలువులోనే వచ్చిందని ఒప్పుకుంటే సైనికుల ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తారు. మనిషి బతుకుతాడు. ఒప్పుకోకపోతే ధర్మాసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చోవాలి. అక్కడ వారానికి ఒకసారి దొరికితే గొప్ప. మేస్త్రికి ఆ ఒక్కసారి చాలడం లేదు.

ఇక సిగ్గు విడిచి చెప్పాల్సింది ఒకటుంది. ఆ రికార్డు అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది మేమే.

నన్ను గరిటె అంటారు. సైన్యంలో మా కంపెనీకి వంటవాణ్ణి. ఎడారి చౌకీలో మాకు నీళ్లు డీజిలు డబ్బాల్లో వచ్చేవి. పైన రంగురంగుల పొర తేలేది. నేనే కాచి, గుడ్డతో వడకట్టి, వీళ్ల గ్లాసుల్లో పోశాను. ఒక చలికాలం మేస్త్రికి మూత్రం ఎర్రగా పడింది. లేవలేకపోయాడు. డాక్టరు దగ్గరికి పంపొచ్చుగా అంటారేమో. మా సార్జెంటు రూలు అలాంటిది. ఒక్కడు జబ్బు జాబితాలో చేరితే దళం మొత్తానికి సెలవులు బంద్. అందుకని మాకో అలవాటు ఉండేది. పడిపోయినవాణ్ణి పిండి బస్తాల వెనక పడుకోబెట్టేవాళ్లం. పొద్దున్నే హాజరు పిలిచినప్పుడు వాడి నంబరుకి ఇంకొకడు పలికేవాడు. చలికి మొహాలకి గుడ్డలు చుట్టుకున్న యాభైమందిలో ఎవడు పలికాడో ఎవడికి తెలుస్తుంది? మేస్త్రి నంబరు నలభై ఏడు. ఇరవై రెండు రోజులు వాడికి బదులు మేం పలికాం. స్నేహితుణ్ణి కాపాడుకున్నామని మురిసిపోయాం కూడా.

ఆ దళంలో మేస్త్రి కాక ఈ చుట్టుపక్కల పందొమ్మిదిమందిమి మిగిలాం. గుమాస్తా కాగితం తోసేసిన మర్నాడు మా కంపెనీ లారీ తోలిన డ్రైవరుకున్న టైర్ల షెడ్డులో అందరం కూర్చున్నాం. మేస్త్రీ, వాడి భార్యా వచ్చారు. మాలో ఏడుగురి కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి.

"దొంగ హాజరు పలికామని రాసిద్దాం. ఎవడు ఏ రోజు పలికాడో వాడే రాయాలి," అన్నాను.

డ్రైవరు గయ్‌మన్నాడు. "నీకేం, ఒంటికాయ శొంఠికొమ్మువి! అది నేరం. ఉన్న పెన్షన్ పీకేసి లోపల వేస్తారు. నా ఇంట్లో ఐదు నోళ్లున్నాయి."

"రేపు నీ కాళ్లు వాస్తే?"

"రేపటి సంగతి రేపు చూద్దాం."

"ఆఫీసర్లలో ఒక్కడైనా ఆ డబ్బా నీళ్లు ముట్టుకున్నాడా? వాళ్లకి సీలు వేసిన సీసాలొచ్చేవి. ఆ లారీ తోలింది నువ్వే కదరా! వాళ్ల రికార్డుని మన నోరే కాపాడుతోంది. మనం నోరు మూసుకున్నన్నాళ్లూ వాళ్లకి ఢోకా లేదు."

 అప్పుడు చెల్లెమ్మ లేచింది, మేస్త్రి భార్య.

"అన్నయ్యా, మీరంతా ఆయన్ని ప్రాణంగా చూసుకున్నారు, కాదనను. ఆ ప్రేమే ఇప్పుడు ఆయన పీకమీద కూర్చుంది. కాస్త లేవండి."

"నువ్వూరుకో," అన్నాడు మేస్త్రి ఆయాసపడుతూ. "నా కోసం వీళ్ల పొట్ట కొట్టొద్దురా గరిటె."

నలుగురం సంతకాలు పెట్టాం. నలుగురివీ కలిపితే తొమ్మిది రోజులే తేలాయి. మిగతావాళ్లు టైర్ల మీంచి లేచి, బట్టలు దులుపుకుని వెళ్లిపోయారు. వాళ్లని పిరికివాళ్లని తిట్టాను. ఆకలికి భయపడ్డవాణ్ణి తిట్టడం తేలికే. ఇప్పుడు సిగ్గేస్తోంది.

షెడ్డులో కూర్చున్న తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి మేస్త్రి ఆసుపత్రి వరండా బల్లమీద వరుసలో మూడోవాడు. "నా వంతు వచ్చిందేమో చూసి రారా," అన్నాడు. తలుపు దాకా వెళ్లి వచ్చాను. తల గోడకి ఆన్చి ఉన్నాడు. డయాలసిస్ మెషిను కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఎడమచెయ్యి ఎప్పుడు పట్టుకున్నా జుమ్మంటూ ఉండేది. పట్టుకుని చూశాను. ఆ అదురు లేదు.

పందొమ్మిదిమందిమీ పాడె మోశాం. డ్రైవరు ముందువైపు భుజం పట్టాడు, దారంతా ఎవరికీ ఇవ్వలేదు. 

సంతకాల కాగితం జతచేసి మళ్లీ ఇచ్చిన అప్పీలుకి, ఆ తర్వాత నాలుగు రోజులకి విచారణ. హాలు నిండా వేరే కంపెనీల పాత సిపాయిలు. ఎవరి చేతిలో చూసినా అవే రిపోర్టులు, ఎవరి మొహం చూసినా అదే ఉబ్బు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. కంపెనీ పేరు చదివి, పాత హాజరు నంబర్లతోనే పిలుస్తున్నారు.

"నలభై ఏడు!"

పాత అలవాటు. పందొమ్మిది నోళ్లూ తెరుచుకోబోయి ఆగిపోయాయి. మళ్లీ పిలిచారు. 

"అప్పీలుదారు గైర్హాజరు. కేసు కొట్టివేయడమైనది. రాసుకో," అన్నాడు పెద్దాఫీసరు గుమాస్తాతో.

చెల్లెమ్మ మరణపత్రం పట్టుకుని బల్ల ముందుకి నడిచింది. 

"ఇవాళైనా నిజం రాశారు సారూ. మా ఆయన లేడు. ఆ చలికాలం ఇరవై రెండు రోజులు కూడా లేడు, పిండి బస్తాల వెనక రక్తం పోసుకుంటూ పడున్నాడు. ఆ రోజులకి ఎదురుగా కూడా గైర్హాజరనే రాయండి!"

"తొమ్మిది రోజులకే కాగితముంది. మిగతావాటికి సాక్ష్యమేది?" అన్నాడు పెద్దాఫీసరు.

నేను లేవబోయాను. నాకంటే ముందు డ్రైవరు లేచాడు.

"ఆరో తేదీ, ఏడో తేదీ నలభై ఏడుకి పలికింది నేను. ఆ డబ్బాల్లో నీళ్లు తెచ్చిందీ నేనే."

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా? అది నేరం. నీ పెన్షన్ పోతుంది!"

"పోనివ్వండి సార్. మనిషే పోయాడు."

"ఎనిమిది నేను," అన్నాన్నేను. "తొమ్మిది నేను." "పది, పదకొండు నావి." వాచిన కాళ్లమీద ఒక్కొక్కడే లేచాడు. షెడ్డులోంచి వెళ్లిపోయినవాళ్లంతా లేచారు. ఇరవై రెండు రోజులూ తేలిపోయాయి. గుమాస్తా కలం పట్టుకుని ఆఫీసరు మొహంలోకి చూస్తున్నాడు.

"రాయరా!" అని అరిచారు వెనక బెంచీలోంచి. మాకు ముక్కూమొహం తెలియని ముసలాయన. "మా కంపెనీలోనూ ఇంతే. పన్నెండో నంబరుకి నేను పలికాను. వాడూ పోయాడు."

ఆ తర్వాత ఎవరు ఎవరికోసం లేచారో లెక్క అందలేదు. పోలీసులొచ్చి మా పందొమ్మిదిమందినీ వ్యానెక్కించారు. కేసులు పెట్టారు. పెన్షన్లు ఆపారు. చెల్లెమ్మకి ఇప్పటిదాకా ఏ జవాబూ రాలేదు. కాళ్లు వాచిన ఏడుగురిలో ఒకడికి ధర్మాసుపత్రి వరండాలో వంతు మొదలైంది. గెలిచామని నేను చెప్పను.

వ్యాను కదలబోతుంటే ఒక పోలీసు ఆఫీసులోంచి తిట్టుకుంటూ వచ్చాడు. లోపల జనం, ఎవరికి బదులు పలికారో ఇంకా రాస్తూనే ఉన్నారట. గుమాస్తా దగ్గర తెల్లకాగితాలు అయిపోతే, చెల్లెమ్మ బయటి దుకాణానికి వెళ్లి ఇంకో కట్ట కొనుక్కొచ్చిందట.