జపాన్ తోటలో నా సెలవు

నేను సెలవు తీసుకున్నానట. ఎక్కడో తెలుసా? జపాన్‌లో. క్యోటో అనే ఊళ్లో, చుట్టి రావడానికి ఒక పూట పట్టేంత పెద్ద తోటలో, పూల మధ్య నిలబడి. సాక్ష్యం కూడా ఉందట. ఈ మాట అన్నది మా మామా, కువైట్‌లో సబా అల్ సలేంలో నేను ఆరేళ్లుగా పనిచేస్తున్న ఇంటి యజమానురాలు. ఇక్కడ ఆమెను అలాగే పిలవాలి. అన్న తీరు చూస్తే, నేను మరిచిపోయిన సంగతేదో గుర్తుచేసి పుణ్యం కట్టుకున్నట్టుంది.

జరిగింది చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

నా పేరు వెంకటేశ్వరి. మాది పుల్లంపేట పక్కన పల్లె. నాకున్నది ఒక్కతే కూతురు, జ్యోతిలక్ష్మి. వాళ్ల నాయన పోయాక దాన్ని నా చెల్లెలి దగ్గర వదిలి ఈ దేశం వచ్చాను. పెళ్లి చేశాను. ఇప్పుడు దానికి తొలి కాన్పు, జూలై ఆఖరుకు అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. దానికి పుట్టిల్లంటే నేనే, పిన్నమ్మ ఇల్లు పుట్టిల్లు కాదు. అందుకే రంజాన్ నెలలోనే మామాను అడిగాను, మూడేళ్లయింది ఇంటి ముఖం చూసి, జూలైలో రెండు నెలలు ఇజాజా కావాలని. ఇజాజా అంటే సెలవు. "ఇన్‌షా అల్లా" అంది మామా. నేను దాన్ని ఔననే అనుకున్నాను. కూతురికి అదే చెప్పాను.

జూన్‌లో వాళ్లు జపాన్ ప్రయాణం పెట్టుకున్నారు. మామా వాళ్లమ్మ, అందరం పెద్ద మామా అంటాం, చక్రాల కుర్చీలో ఉంటుంది. నా చేత్తో పెడితే తప్ప తినదు, నేను పట్టుకుంటే తప్ప లేవదు. ఆమెను ఇంట్లో వదల్లేరు కాబట్టి ఆమెతో పాటు నన్నూ తీసుకుపోయారు. "వెంకీ, నీ అదృష్టం" అంది మామా. నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు.

ఆ తోట సంగతి ఎంత చెప్పినా తక్కువే. ఒక దారి పొడుగునా రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, ఆకాశం కనబడదు. కింద రాలిన ఆకు తీసి నలిపితే గుప్పున కర్పూరం వాసన. రోజూ దేవుడి ముందు వెలిగించే కర్పూరం చెట్టుకు పుడుతుందని నాకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. ఇంకా ముందుకు పోతే ఒక అద్దాల మేడ. అందులో ప్రతి చెట్టుకూ పేరు రాసిన పలక, చివరికి అరటి చెట్టుకు కూడా. మా దొడ్లో స్నానాల నీళ్లు పారే చోట దానంతట అదే పెరిగే అరటి చెట్టును అక్కడ జనం ఆగి ఆగి చూస్తున్నారు.

కానీ నేను చూసిందెంత? కుర్చీ తోసేవాళ్లు తల వంచుకుని తోయాలి. దారి కనబడుతుంది, చెట్లు కనబడవు. పైగా ఆ రోజు పెద్ద మామాకు కడుపు బాగాలేదు. మూడుసార్లు మరుగుదొడ్డికి తీసుకుపోయి, ఎత్తి, కడిగి, బట్టలు మార్చి, మళ్లీ కూర్చోబెట్టాను. ఆ తోటలో పూలకన్నా మరుగుదొడ్డి గోడలే నాకు బాగా గుర్తు. మామా, ఆమె పిల్లలు ముందే వెళ్లిపోయి నీడన కాఫీ తాగుతున్నారు.

తిరిగి వస్తుంటే దారి పక్కన నీలం పూల పొదలు, ఒక్కో పూవు చెండంత. అక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. టోపీ పెట్టుకుని కలుపు తీస్తున్న ఒక జపాన్ ముసలమ్మ నన్ను చూసి, ఫోటో తీయనా అని సైగ చేసింది. నేను ఫోన్ ఆమె చేతికిచ్చాను. కుర్చీకి బ్రేకు వేసి, ఫోటోలో పడకుండా పక్కకు జరిపాను. మాసిన బట్టల సంచి పొద వెనక పెట్టాను. మెడలోని తువ్వాలు తీసేసి, జుట్టు సవరించుకుని, నవ్వాను.

మేమంతా ఇంతే. కువైట్‌లో మా ఊరి ఆడవాళ్లను ఎవరినైనా చూడండి, శుక్రవారం కాసేపు బయటికి వదిలితే చాలు, మాల్‌లోనో సముద్రం ఒడ్డునో నవ్వుతూ ఫోటో దిగుతారు. చేతుల మీది బొబ్బలు కనబడనివ్వరు. ఇంటి దగ్గరి వాళ్లు దిగులు పడకూడదని కొంత, ఊళ్లో నలుగురి ముందు చులకన కాకూడదని కొంత. నేనూ ఆ సాయంత్రమే ఆ ఫోటోను స్టేటస్‌లో పెట్టాను. మామా నంబరు కూడా నా ఫోన్‌లో ఉందన్న సంగతి గుర్తే రాలేదు.

కువైట్‌కు తిరిగొచ్చి, జూలై మొదటి వారంలో టికెట్ గురించి అడిగాను.

"మళ్లీ ఇజాజానా? జూన్‌లో వెళ్లొచ్చావు కదా" అంది మామా.

"అది పెద్ద మామాను చూసుకునేందుకు కదా మామా."

"అక్కడ ఇల్లు తుడిచావా? వంట చేశావా?"

నిజమే, చేయలేదు. ఆ పనులు హోటల్ వాళ్లు చేశారు. "పది రోజులు పెద్ద మామా మంచం పక్కన నేల మీద పడుకున్నాను. ఒక్క పూట ఆమెను వదిలి ఉండలేదు" అన్నాను.

మామా తన ఫోన్ నా వైపు తిప్పింది. అందులో నా ఫోటో. దాచి పెట్టుకుంది మహాతల్లి. "ఇందులో పెద్ద మామా ఎక్కడ? కుర్చీ ఎక్కడ? నిన్ను నవ్వమని ఎవరైనా బలవంతం చేశారా?"

కుర్చీ పక్కకు జరిపింది నేనే కదా.

"వచ్చే ఏడు వెళ్దువులే. ఖలాస్" అని లేచింది.

"వచ్చే ఏటి దాకా కడుపులో బిడ్డ ఆగుతుందా?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఒళ్లంతా మండిపోయింది. పది రోజులు ఆమె కన్నతల్లి మలమూత్రాలు ఎత్తిపోసినదాన్ని, ఆమె ఎక్కడో కూర్చుని కాఫీ తాగింది, సెలవు నాదట. నేను నవ్వింది ఒక్క నిమిషం. ఆ నిమిషానికి నా కూతురి కాన్పు లాగేసుకున్నారు. పక్కింట్లో పనిచేసే రాయచోటి సుల్తానా, పనివాళ్ల గోడు వినే సర్కారు ఆఫీసులో ఫిర్యాదు చేయమంది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. ఆ ఫిర్యాదు తేలేలోపు మనవడు నడక కూడా నేర్చుకుంటాడు.

మధ్యాహ్నం పెద్ద మామా నిద్రపోయాక కూతురికి ఫోన్ చేశాను.

"మా అత్త అడగతాంది మా, ఏ తేదీకి వస్తాండావని" అంది జ్యోతిలక్ష్మి.

"మామా సెలవు ఈను అంటాంది పాపా."

"జపాన్‌కి పంపినోళ్లు ఇంటికి పంపరా? నీ ఫోటో మా అత్త వీధంతా చూపించింది. 'మా వదినకు తోటలు చూసేదానికి తీరిక ఉండాది, బిడ్డ కాన్పుకు ల్యాదు' అంటాంది. నేనేం చెప్పేది?"

నా కూతురు కూడా ఆ ఫోటోనే నమ్మింది. ఇక ఆగలేకపోయాను. ఆరేళ్లలో ఒక్కసారీ దానికి చెప్పనివన్నీ చెప్పేశాను.

"అది సెలవు కాదు పాపా. ఆ పక్కనే కుర్చీలో ముసలామె ఉండాది, నేనే ఫోటోలో పడకుండా జరిపినా. ఆ పొద్దు మూడుసార్లు ఆమెకు కడిగినా. నా నడుము పట్టేసి నిలబడేదానికి గూడా చాత కాల్యా. నువ్వు చూసి సంతోషపడాలని నవ్వినా. అంతే పాపా. నేను తోట చూడల్యా."

ఏడుస్తుందనుకున్నాను. మామాను తిడుతుందనుకున్నాను. ఎవరైనా ఒక్కరు నా పక్కన నిలబడి తిడితే బాగుండనిపించింది.

"సరే మా" అంది మెల్లగా. "ఎట్ట జూసినా నువ్వు రావు గదా."